నార్మల్ వచ్చిందని మాత్ర మానేశారా?

రాత్రి తొమ్మిదింటికే పడుకున్నా పొద్దున్నే లేవబుద్ధి కాదు. తినేది పిడికెడే అయినా బరువు పెరుగుతుంది. దువ్వెన నిండా జుట్టు, పొడిబారిన చర్మం, మలబద్ధకం. ఇంట్లో అందరికీ ఉక్కపోస్తుంటే మీకు మాత్రం దుప్పటి కావాలి. నెలసరి వారం దాటినా ఆగదు. స్టవ్ వెలిగించి ఎందుకు వెలిగించానా అని నిలబడిపోతారు. ఇంట్లోవాళ్ళు మాత్రం "ఈమధ్య బద్ధకం ఎక్కువైంది" అని ఒక్కమాటలో తేల్చేస్తారు. బద్ధకమో కాదో చెప్పడానికి ఒక రక్తపరీక్ష ఉందన్న సంగతి ఎవరికీ తోచదు! వీటిలో కొన్ని రక్తహీనత వల్లా వస్తాయి కనుక హిమోగ్లోబిన్‌తో పాటు థైరాయిడ్ పరీక్ష కూడా చేయించుకోవడం మంచిది.

ఆ రిపోర్టు చేతికొచ్చాకే అసలు తికమక. అది పోవాలంటే మన ఒంట్లో పెత్తనం ఎలా నడుస్తుందో కాస్త తెలియాలి.

కాలిన పెనం తగిలిందనుకోండి, "అమ్మో" అనేలోపే చెయ్యి వెనక్కి వచ్చేస్తుంది. అది నరాల పని. కబురు మెదడు దాకా వెళ్ళకముందే వెన్నుపామే చేతిని లాగేస్తుంది. హార్మోన్లకు అంత తొందర లేదు. రక్తంలో కలిసి ఒళ్ళంతా తిరుగుతూ నిదానంగా పనిచేస్తాయి. అందుకే థైరాయిడ్ మందగించినా ఆ తేడా నెలల తరబడి కొంచెం కొంచెంగా వస్తుంది. మనకే తెలియదు, ఇక ఇంట్లోవాళ్ళకేం తెలుస్తుంది?

మెదడు అడుగున హైపోథలామస్ అనే చిన్న భాగం ఉంది. దాన్ని పెద్దత్తగారనుకోండి. దాని కింద శనగగింజంత పిట్యూటరీ గ్రంథి, అంటే పీయూష గ్రంథి, అత్తగారు. మెడలో సీతాకోకచిలుకలా ఉండే థైరాయిడ్ కోడలు. (ఎప్పుడూ కోడలే చాకిరీ చెయ్యాలా అని నన్ను అడక్కండి, ఒంట్లో ఏర్పాటు అలా ఉంది!) పెద్దత్తగారు అత్తగారికి చెబుతుంది, అత్తగారు కోడలికి కబురంపుతుంది. ఆ కబురు పేరే టి.ఎస్.హెచ్. కోడలు తయారుచేసే సరుకు థైరాక్సిన్. రక్తంలో సరుకు సరిపడా ఉంటే అత్తగారు గొంతు తగ్గిస్తుంది. తగ్గితే గొంతు పెంచుతుంది.

ఇప్పుడు రిపోర్టు చూడండి. టి.ఎస్.హెచ్. ఎక్కువ ఉందంటే "థైరాయిడ్ ఎక్కువైంది" అంటుంటారు. నిజానికి అది తగ్గిందన్నమాట. ఆ అంకె కోడలి పని కాదు, అత్తగారి కేక! మామూలుగా 0.4 నుంచి 4 దాకా ఉండాలి. ల్యాబును బట్టి కొద్దిగా మారుతుంది. కొంచెమే పెరిగితే డాక్టర్లు రెండు మూడు నెలలాగి మళ్ళీ చేయిస్తారు, అందరికీ మాత్ర అక్కర్లేదు. అరుదుగా పిట్యూటరీలోనే లోపం ఉంటే కేకే రాదు. అందుకని అనుమానం ఉన్నప్పుడు టి4 కూడా చూస్తారు.

మాత్ర మొదలుపెట్టాక అంకె 2కో 3కో వస్తుంది. "నార్మల్ వచ్చేసింది, ఇంకెందుకు జీవితాంతం మందులు" అని మానేసేవాళ్ళు ఎంతమందో! కోడలికి బదులు మాత్ర సరుకు అందిస్తోంది కాబట్టే అత్తగారు నెమ్మదించింది. మాత్ర ఆగితే మళ్ళీ మొదటికే. పైగా ఆపిన మర్నాడే ఏమీ కాదు. రక్తంలోని థైరాక్సిన్ సగానికి తగ్గడానికే దాదాపు వారం పడుతుంది. "మానేసినా బాగానే ఉన్నాగా" అనిపించేది అందుకే. నెలా రెండు నెలల తర్వాత నీరసం వచ్చేసరికి మాత్ర సంగతే మరచిపోయి ఉంటాం. మోతాదు మార్చాక ఆరు వారాలాగి పరీక్ష చేయమనేది కూడా ఇందుకే. కొందరికి, ముఖ్యంగా కాన్పయ్యాక వచ్చినవాళ్ళకి, ఇది తగ్గిపోయి మాత్ర ఆపెయ్యొచ్చు. ఆ సంగతి డాక్టరు చెప్పాలి సుమా, పక్కింటావిడ కాదు.

మాత్ర పరగడుపున మంచినీళ్ళతో వేసుకోవాలి. అరగంట నుంచి గంట దాకా కాఫీ, టీ వద్దు. మనకిది పెద్ద శిక్షే! కుదరనివాళ్ళు డాక్టరుని అడిగి, రాత్రి అన్నం తిన్న మూడు గంటలకు వేసుకోవచ్చు. ఐరన్, కాల్షియం మాత్రలకీ దీనికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. జుట్టు రాలుతోందని బయోటిన్ వాడుతున్నారా? అది కొన్ని పరీక్షల్లో అంకెల్ని తారుమారు చేస్తుంది. రక్తమివ్వడానికి కనీసం రెండ్రోజుల ముందు ఆపాలి.

ఎంత మాత్రం అశ్రద్ధ పనికిరాని సమయం ఒకటుంది. నెల తప్పిన తొలి మూడు నెలలు. కడుపులో బిడ్డకు అప్పటికి సొంత థైరాయిడ్ పనిచేయదు, మెదడు పెరగడానికి తల్లి థైరాక్సినే ఆధారం. "కడుపుతో ఉన్నప్పుడు మందులెందుకు" అని పెద్దవాళ్ళు ఆపించినా ఈ మాత్ర ఆపకండి. చాలామందికి మోతాదు పెంచాల్సి వస్తుంది కూడా. నెల తప్పిందని తెలిసిన వారంలోనే డాక్టరుకి చెప్పండి.

1891లో ఇంగ్లండులోని న్యూకాజిల్‌లో జార్జ్ మర్రీ అనే డాక్టరు, ఈ జబ్బుతో ఒళ్ళు ఉబ్బిపోయిన 46 ఏళ్ళ ఆవిడకు గొర్రె థైరాయిడ్ రసం సూదిమందుగా ఇచ్చాడు. మందు కొనసాగించిన ఆవిడ మరో 28 ఏళ్ళు బతికింది. ఇప్పుడు మనకు గొర్రెతో పనిలేదు, ఆ చిన్న తెల్లమాత్ర చాలు.

క్యాబేజీ, కాలీఫ్లవర్ మానెయ్యాలా అని తప్పకుండా అడుగుతారు. ఉడికించి, మామూలుగా తినే పాళ్ళలో తినండి. అయోడిన్ ఉప్పు వాడండి, గట్టి మూత ఉన్న డబ్బాలో పోసి పొయ్యి వేడికి దూరంగా పెట్టండి. జబ్బు తగ్గుతుందని ఉప్పు పెంచకండి. అయోడిన్ సరిపడా తినేవాళ్ళలో ఎక్కువమందికి ఒంటి రక్షణశక్తే పొరబడి థైరాయిడ్ మీద దాడి చెయ్యడం వల్ల ఇది వస్తుంది. ఉప్పు ఎక్కువేస్తే బీపీ పెరుగుతుంది, అంతే.