విపణివీథిలోని శ్రమ : అమెరికా యూదు స్త్రీల చరిత్రపై ఒక పరిశీలనము

శ్రామికచరిత్రను రచించువారు సాధారణముగా కర్మాగారద్వారమునొద్ద ప్రారంభింతురు. వేతనము గొనువారు శ్రామికులనియు, ఆ వేతనముతో ఇల్లు నడపువారు వినియోగదారులు మాత్రమే యనియు ఒక విభాగము చిరకాలముగా నిలిచియున్నది. ఈ విభాగము నిలువజాలదని చూపిన పరిశోధనలలో అమెరికా చరిత్రకారిణి పాలా హైమన్ (1946-2011) వ్యాసమొకటి ముఖ్యమైనది. 1902లో న్యూయార్కు నగరమున యూదు గృహిణులు జరిపిన మాంసబహిష్కరణోద్యమమును గూర్చి ఆమె దానిని 1980లో ప్రకటించినది.

తూర్పు యూరపునుండి వలసవచ్చిన యూదులలో అనేకులు ఆ నగరమందలి లోయర్ ఈస్ట్ సైడ్‌లో ఇరుకైన ఇండ్లలో కాపురముండిరి. అవివాహితలైన కుమార్తెలు దుస్తుల కర్మాగారములలో పనిచేసి, వేతనములో అధికభాగమును తల్లి చేతికిచ్చుచుండిరి. వివాహితలు బయట కూలికి పోవుట అరుదు. కాని వారు ఇంటనే కుట్టుపని చేసిరి, అద్దెకుండువారికి వండిపెట్టిరి, వచ్చిన ప్రతి సెంటును ఎంచి ఖర్చుపెట్టిరి. వేతనమొక్కటే కొలతయైనచో ఈ శ్రమయంతయు లెక్కకు రాదు.

1902లో కోషర్ గొడ్డుమాంసము ధర పౌను 12 సెంట్లనుండి 18 సెంట్లకు పెరిగినది. కోషర్ అనగా యూదుల ధర్మశాస్త్రవిధి ననుసరించి సిద్ధపరచినది. ధర హెచ్చినదని వేరొక మాంసమును కొనుటకు ఆచారము సమ్మతింపదు. చిల్లర వర్తకులు మొదట తామే అంగళ్లు మూసి టోకు వ్యాపారుల నెదిరింపబోయి విఫలులైరి. అప్పుడు గృహిణులు పూనుకొనిరి. మే 15న అంగళ్లపైబడి మాంసమును వీథిలో పారవైచిరి. శనివారమున ప్రార్థనామందిరములలో తోరా పఠనమును ఆపి పురుషుల మద్దతు కోరిరి. అన్యాయమునకు గురియైనవారు పఠనము నాపి మొరపెట్టుకొనుట యూదు సమాజమున పూర్వమునుండి యున్న ఆచారమే. జూన్ మొదటివారమునకు ధర 14 సెంట్లకు దిగినది.

ఆనాటి ఆంగ్లపత్రికలు కొన్ని వీరిని అజ్ఞానుల మూకగా చిత్రించినవి. హైమన్ పట్టుబడిన స్త్రీల పేర్లను 1905 నాటి రాష్ట్ర జనగణనలో వెదకి, వారు మధ్యవయస్కలనియు, పలువురు బిడ్డల తల్లులనియు, ఇరుగుపొరుగు వీథులవారనియు తేల్చినది. ఆ పొరుగుబంధమే వారి సంఘబలము. ఇతరులు కొన్న మాంసమును బలవంతముగ లాగికొనుట సమర్థనీయము కాకపోవచ్చును. కాని లక్ష్యము, నాయకత్వము, ఫలితము గల ఉద్యమమును మూకచేష్ట యనుట చరిత్ర కాదు.

ఆండ్రూ హైన్జ్ 1990లో ప్రకటించిన గ్రంథమున వలస యూదులు వస్తువుల కొనుగోలు ద్వారా అమెరికా జీవనమున కలిసిరని ప్రతిపాదించెను; గృహిణికి అందు ప్రధానస్థానమిచ్చెను. ఈ వాదమున సత్యము కలదు. అయినను సమృద్ధిని మాత్రమే చూచినచో, కొనుగోలు సంఘర్షణకు కూడ స్థానమైన సంగతి మరుగుపడును. ఈ విషయమున హైమన్ దృష్టియే సమగ్రమైనది.

క్లారా లెమ్లిక్ జీవితము దీనికి సాక్ష్యము. 1909 నవంబరులో కూపర్ యూనియన్ సభలో యిద్దిష్ భాషలో ప్రసంగించి, వేలాది కుట్టుపని యువతుల సమ్మెకు నాంది పలికినది ఆమెయే. వివాహానంతరము ఆమె గృహిణులను సంఘటితపరచినది. 1935 నాటి మాంసబహిష్కరణమున నాయకులలో ఒకతె. మొదటి ఘట్టమునకు శ్రామికచరిత్రలో దక్కిన స్థానము రెండవదానికి దక్కలేదు. స్త్రీ యొకతెయే, పోరాటమును కుటుంబపు తిండికొరకే. కర్మాగారమున ఆర్జించిన సెంటు విలువ అంగడిలో నిర్ణయింపబడునపుడు, ఆ రెంటిని వేర్వేరు అధ్యాయములుగా వ్రాయుట చరిత్రకారుల సౌకర్యమే గాని జీవితసత్యము కాదు.