సుగ్గికి పోయినోళ్ల ఓటు

మన కోయిలకుంట్ల సీటును 2008 పునర్విభజనలో తీసేసి బనగానపల్లెలో కలిపినారు. 2009 నుంచి 2024 దాకా నాలుగు ఎన్నికల్లో గెలిచింది ఇద్దరే: కాటసాని రామిరెడ్డి, బి.సి. జనార్దన్ రెడ్డి. ప్రజారాజ్యం, తెలుగుదేశం, వైఎస్సార్ కాంగ్రెస్ అని జెండాలు మారినాయి, కులం మారలేదు.

గుంటూరు మిరప చేలకు సుగ్గికి, హైదరాబాదుకు బేల్దారి పనికి పోయే కర్నూలు మాల మాదిగ కూలోళ్లు ఈ పార్టీలకు పోలింగు ముందురోజే యాదికొస్తారు. బస్సు పెడతారు, చార్జీలిస్తారు. తల్లిదండ్రుల వెంట పోయి బడి మానిన పిల్లల ఊసే ఎత్తరు.

1979 వలస కూలీల చట్టమైనా, దాని బదులు తెచ్చిన 2020 కోడైనా వలసకూలీ అని గుర్తించేది రాష్ట్రం దాటినోళ్లనే! గుంటూరు పోయినోళ్లు దాంట్లోకి రారు. దీన్ని సరిచేస్తామని రాసిచ్చే పార్టీ ఏది? బస్సెక్కే ముందు అడగండి.