రిఫరీని తిడితే సరిపోదు: బాక్సింగ్ రింగు నేర్పే పాలనా పాఠం

మన బాక్సర్ ఓడిన ప్రతిసారీ ఒకటే మాట వింటాం: "రిఫరీ అమ్ముడుపోయాడు." కానీ ఒలింపిక్ బాక్సింగ్‌లో రింగు లోపలి రిఫరీ పాయింట్లు వేయడు. ఫౌల్ చేస్తే హెచ్చరించడం, కిందపడితే లెక్కపెట్టడం, ప్రమాదమనిపిస్తే పోటీ ఆపేయడం అతని పని. పాయింట్లు వేసేది బయట కూర్చున్న న్యాయనిర్ణేతలు. ఈ తేడా తెలియకపోతే మీ కోపం ఒకరి మీద పడుతుంది, తప్పు చేసినవారు ఇంకొకరు అవుతారు.

రిఫరీ తప్పు ఎలా ఉంటుందో చూడాలంటే 2012 లండన్ ఒలింపిక్స్‌కు వెళ్లండి. జపాన్ బాక్సర్ సతోషి షిమిజు ప్రత్యర్థి, అజర్‌బైజాన్‌కు చెందిన అబ్దుల్‌హమీదోవ్, చివరి రౌండ్‌లో పదే పదే కిందపడ్డాడు. రిఫరీ లెక్కపెట్టలేదు. పోటీ ఆపలేదు. పడినవాడే గెలిచినట్టు ప్రకటించారు. అప్పీలు తర్వాత ఫలితం తారుమారైంది, రిఫరీని ఇంటికి పంపారు.

ఇది చదివి మీరు చప్పట్లు కొడతారు. అదే ఒలింపిక్స్‌లో మన వికాస్ కృష్ణన్ విషయానికి వద్దాం. అమెరికాకు చెందిన ఎరోల్ స్పెన్స్‌పై 13-11తో గెలిచాడని ముందు ప్రకటించారు. అమెరికా అప్పీలు చేసింది. వికాస్ మూడో రౌండ్‌లోనే తొమ్మిదిసార్లు ప్రత్యర్థిని పట్టుకున్నాడని, రెండో రౌండ్‌లో కావాలనే గమ్‌షీల్డ్ ఉమ్మేశాడని జ్యూరీ తేల్చింది. ఫలితం 15-13తో స్పెన్స్‌కు వెళ్లింది. షిమిజుకు దక్కింది న్యాయం, వికాస్‌కు జరిగింది కుట్ర అంటే అది వాదన కాదు, పక్షపాతం.

అయినా వికాస్‌కు ఒక అన్యాయం జరిగింది. ఆ రౌండ్‌లో రిఫరీ హెచ్చరించింది ఒక్కసారే. రెండోసారి పట్టుకున్నప్పుడే గట్టిగా ఆపి ఉంటే వికాస్ ఆట మార్చుకునేవాడు. నిబంధనను సమయానికి అమలు చేస్తే అది హెచ్చరిక. గంటల తర్వాత అమలు చేస్తే అది శిక్ష మాత్రమే. రిఫరీ మౌనం ఇద్దరు ఆటగాళ్లకూ నష్టమే చేసింది.

దీనికి మనవాళ్లు చెప్పే మందులు రెండు. ఒకటి యంత్రం. 1988 సియోల్ ఫైనల్‌లో రాయ్ జోన్స్ 2-3తో ఓడిన తీరుపై దుమారం రేగాక, 1992 నుంచి ఎలక్ట్రానిక్ స్కోరింగ్ తెచ్చారు. బటన్ నొక్కేది మనిషే కదా, వివాదాలు ఆగలేదు. రెండోది వేటు. 2016 రియోలో పనిచేసిన 36 మంది అధికారులలో ఎవరికీ టోక్యోలో అవకాశం ఇవ్వలేదు. కానీ 2021లో మెక్‌లారెన్ నివేదిక బయటపెట్టింది వేరే సంగతి: అధికారులను నియమించే స్థాయిలోనే రోగం ఉంది. కింది ఉద్యోగిని సస్పెండ్ చేసి ఫైలు మూసేసే అలవాటు మనకు కొత్తా?

"నిర్ణయానికి అంతిమత్వం లేకపోతే ఆట సాగదు" అనేవారున్నారు. నిజమే. కానీ కారణం చెప్పని అంతిమత్వానికి గౌరవం రాదు. 2014 ఇంచియాన్ ఆసియా క్రీడల సెమీస్‌లో సరితా దేవి ఓటమిపై భారత్ చేసిన ఫిర్యాదును తిరస్కరించారు. పోడియంపై ఆమె తన కాంస్యాన్ని ప్రత్యర్థి మెడలో వేసింది. ఏడాది నిషేధం పడింది. క్రమశిక్షణ తప్పినందుకు శిక్ష సరే, ఆమె ప్రశ్నకు జవాబేది?

2019లో నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ ఒలింపిక్ క్వాలిఫయర్లకు ముందు మేరీ కోమ్‌తో ట్రయల్ పెట్టాలని క్రీడా మంత్రికి లేఖ రాసింది. ట్రయల్ జరిగింది, నిఖత్ 1-9తో ఓడింది. ఆమె అడిగింది గెలుపు కాదు, పోటీ. ఫిర్యాదు ఎలా ఉండాలో అక్కడ నేర్చుకోండి.

ఇదంతా మీకెందుకంటే, రేపు రిఫరీ కుర్చీ మీదే. అక్రమంగా అంతస్తు లేస్తుంటే ఏళ్ల తరబడి చూడనట్టుండి, ఒక ఉదయం యంత్రాలు పంపే అధికారి వికాస్ పోటీ నాటి రిఫరీయే. ఇళ్ల కూల్చివేతకు ముందు కనీసం 15 రోజుల నోటీసు ఇవ్వాలని 2024 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. బహిరంగ స్థలాల్లోని ఆక్రమణలకు అది వర్తించదు గానీ, దాని వెనక ఉన్న సూత్రం అన్నిచోట్లా ఒకటే.

మూడు విషయాలు నోట్సులో రాసుకోండి: సకాలంలో హెచ్చరిక, కారణాలతో కూడిన నిర్ణయం, నిర్ణయించినవారు కాక మరొకరు వినే అప్పీలు. సహజ న్యాయానికి ఇవి ప్రాణం. వీటిని మీ జట్టు ఓడినప్పుడే గుర్తుచేసుకుంటే అది నీతి కాదు, అభిమానం.

అభ్యాస ప్రశ్న (జీఎస్-4): "ఆలస్యంగా అమలైన నిబంధన, అమలు కాని నిబంధన కంటే ఎక్కువ హాని చేయగలదు." ఉదాహరణలతో చర్చించండి. (150 పదాలు)