గహుంజే స్టేడియం: స్కోరుకార్డుకు ఎక్కని నీళ్ల లెక్క

పుణె దగ్గర గహుంజేలో మళ్లీ మ్యాచ్ ఎప్పుడు పడుతుందని సోలాపూర్‌లోని మా తెలుగు సంఘానికి వచ్చే కుర్రాళ్లు అడుగుతూనే ఉంటారు. బస్సు మాట్లాడుకుని అందరం కలిసి వెళ్దామని వాళ్ల కోరిక. మేమూ రేడియో కామెంటరీ రోజుల నుంచి క్రికెట్ పిచ్చివాళ్లమే కాబట్టి వద్దనలేం. అయితే ఈ మైదానం చరిత్రను మొదటి నుంచీ వరసగా చూస్తే, పరుగులు, వికెట్ల పక్కనే మాటిమాటికీ నీళ్ల గొడవ కనిపిస్తోంది. సోలాపూర్ వాళ్లకు అది పరాయి గొడవ కాదు. అందుకే ఈ నాలుగు మాటలు.

ముంబయి–పుణె ఎక్స్‌ప్రెస్‌వే పక్కన ఉన్న ఈ స్టేడియానికి ఇంగ్లండ్‌కు చెందిన హాప్‌కిన్స్ సంస్థ రూపకల్పన చేసింది. 2012 ఏప్రిల్ 1న ప్రారంభమైంది. మొదట్లో సహారా పేరు పెట్టారు, డబ్బు చెల్లింపుల పేచీతో మరుసటి ఏడాదే ఆ పేరు తీసేశారు. 2012 డిసెంబరు 20న ఇంగ్లండ్‌తో జరిగిన టీ20 ఇక్కడి తొలి అంతర్జాతీయ మ్యాచ్, యువరాజ్ సింగ్ బంతితోనూ బ్యాటుతోనూ గెలిపించాడు. 2017 జనవరిలో 351 పరుగుల లక్ష్యాన్ని కోహ్లీ, పుణె కుర్రాడు కేదార్ జాదవ్ సెంచరీలతో ఛేదించిన రోజు మా వాడలో టపాకాయలు కాల్చారు.

నెల తిరిగేసరికి అదే మైదానం తలదించుకుంది. ఆస్ట్రేలియాతో ఇక్కడి మొదటి టెస్టు మూడు రోజుల్లోనే ముగిసింది. భారత్ 105, 107 పరుగులకు కుప్పకూలింది. స్టీవ్ ఓకీఫ్‌కు 12 వికెట్లు. ఆ ఎండు పిచ్‌కు ఐసీసీ ‘పూర్’ అని రేటింగ్ ఇచ్చింది. 2019లో దక్షిణాఫ్రికా మీద కోహ్లీ 254 నాటౌట్‌తో ఇన్నింగ్స్ విజయం వచ్చాక గానీ ఆ మచ్చ కొంత మాయలేదు. 2023 ప్రపంచకప్‌లో అయిదు మ్యాచ్‌లు ఇక్కడే జరిగాయి.

ఇక నీళ్ల సంగతి. 2016 ఏప్రిల్‌లో మరాఠ్వాడా ఎండిపోయింది. మిరజ్ నుంచి లాతూర్‌కు రైల్లో నీళ్లు తోలారు. మాకు పొరుగు జిల్లాయే ఉస్మానాబాద్, దాని పక్కదే లాతూర్. అదే వేసవిలో ఐపీఎల్ మైదానాలు తడపడానికి 60 లక్షల లీటర్లు పోస్తారా అని కొందరు బాంబే హైకోర్టుకు వెళ్లారు. ఏప్రిల్ 30 తర్వాతి మ్యాచ్‌లను రాష్ట్రం దాటించమని కోర్టు చెప్పింది. మే 1 మ్యాచ్‌కు మాత్రం తర్వాత సడలింపు దొరికింది. అవి వెళ్లింది ఎక్కడికో కాదు, మన విశాఖపట్నానికి! పుణె జట్టుకూ ముంబయి జట్టుకూ విశాఖే ‘సొంత ఊరు’ అయింది. మే 10న అక్కడ పుణె బౌలర్ ఆడం జంపా 19 పరుగులకు 6 వికెట్లు తీసినా, హైదరాబాద్ 4 పరుగుల తేడాతో గెలిచింది. అప్పుడు మేం ఎవరి వైపు ఉండాలో తెలియలేదు.

రెండేళ్లకు కథ తిరగబడింది. 2018లో కావేరీ ఆందోళనల వల్ల చెన్నై జట్టు మ్యాచ్‌లు గహుంజేకు వచ్చాయి. చెన్నై నుంచి అభిమానులు ప్రత్యేక రైలెక్కి వచ్చారు. ఒక నది గొడవతో ఇక్కడికి వస్తే, ఇక్కడ ఇంకో నది కాచుకుని ఉంది. పవనా నీళ్లను ఈ స్టేడియానికి వాడకూడదని బాంబే హైకోర్టు ఆ ఏప్రిల్‌లోనే అడ్డుకట్ట వేసింది. నీళ్ల ఒప్పందం పరిశ్రమల అవసరాల కింద ఉండటం, క్రికెట్ పరిశ్రమ ఎలా అవుతుందన్నది అక్కడ వచ్చిన ప్రశ్న. మ్యాచ్‌లు ఆగలేదు, ఆరూ జరిగాయి. గుంటూరులో పుట్టిన అంబటి రాయుడు మే 13న సరిగ్గా 100 కొట్టి అజేయంగా నిలిచాడు, అదీ హైదరాబాద్ మీద.

ఆ పవనా సంగతి కొంచెం చెప్పాలి. 2011 ఆగస్టు 9న, స్టేడియం తెరవడానికి ఎనిమిది నెలల ముందు, పవనా డ్యామ్ నుంచి పింప్రి-చించ్‌వడ్‌కు పైపులైను వద్దంటూ మావళ్ రైతులు ఇదే ఎక్స్‌ప్రెస్‌వే మీదికి వచ్చారు. పోలీసు కాల్పుల్లో ముగ్గురు చనిపోయారు. పైపులైను పని ఏళ్ల తరబడి ఆగిపోయింది. గహుంజే కూడా మావళ్ తాలూకా ఊరే. ఆ నది ములలో, ముల ముఠాతో కలిసి భీమలో పడుతుంది. భీమ మీద ఉజని డ్యామ్. సోలాపూర్ తాగేది ఆ ఉజని నీళ్లే. కుళాయి నాలుగైదు రోజులకోసారి వచ్చే మా ఇళ్లలో బిందెలు, డ్రమ్ముల వరస చూసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. 2024 వేసవిలో ఉజని మట్టం మైనస్‌లోకి పోయింది. అక్కడి నుంచి సాగిన భీమే కృష్ణలో కలిసి తెలుగు నేలకు చేరుతుంది.

న్యాయంగా మాట్లాడాలంటే, మైదానం తాగే నీళ్లు పెద్ద లెక్కేమీ కాదు. మన జిల్లాలో చెరకు తోటలకు పోయేదాని ముందు 60 లక్షల లీటర్లు ఏ మూలకు? చక్కెర ఫ్యాక్టరీల జోలికి వెళ్లలేని వాళ్లందరికీ క్రికెట్ సులువుగా దొరుకుతుందన్న విమర్శలో నిజముంది. మేం గుమాస్తా ఉద్యోగాల్లో ఖాతాలు రాసినవాళ్లం కనుక, మొత్తం ఎంతన్నదాని కంటే ఎక్కడి నుంచి వచ్చింది, ఏ పద్దు కింద రాశారు అన్నదే ముందు చూస్తాం. 2018లో కోర్టు చూసిందీ ఆ పద్దునే.

ఈ లెక్కలో ప్రేక్షకుడు కూడా ఉన్నాడు. 2024 అక్టోబరులో న్యూజిలాండ్ టెస్టు మొదటి రోజు, ఎక్కువ భాగానికి పైకప్పు లేని గ్యాలరీల్లో ఎండకు కూర్చున్న జనానికి తాగునీరు దొరకలేదు. మహారాష్ట్ర క్రికెట్ అసోసియేషన్ క్షమాపణ చెప్పింది. ఆ టెస్టులో శాంట్నర్ 13 వికెట్లు తీయడం, 2012 తర్వాత సొంతగడ్డపై భారత్ తొలిసారి సిరీస్ ఓడడం పేపర్లనిండా వచ్చింది. దాహం వార్త రెండు రోజుల్లో మరుగున పడింది. 2025 జనవరి 31న ఇంగ్లండ్‌తో టీ20 గెలిచాక ఎవరికీ అది గుర్తులేదు.

తర్వాతి మ్యాచ్ టిక్కెట్లు అమ్మేముందు రెండు వివరాలు ప్రకటిస్తే చాలు: పచ్చికకు పోసే నీళ్లు ఎక్కడివి, స్టాండ్‌కు ఎన్ని తాగునీటి కుళాయిలు. ఈ మాటే మరాఠీలో రాసి అసోసియేషన్‌కు పంపాలని సంఘం కార్యవర్గంలో అనుకున్నాం. పుణె, భివండీ తెలుగు సంఘాల వాళ్లు కూడా సంతకాలు కలిపితే బాగుంటుంది. కుర్రాళ్ల బస్సు సంగతి జవాబు వచ్చాక చూద్దాం.