బిర్సా పేరు పెట్టారు సరే, ధర ఎవరు పెడతారు?



2025 నవంబర్‌లో, బిర్సా ముండా 150వ జయంతి జరిగిన కొద్ది రోజులకే, ఢిల్లీ నుంచి ఒక ప్రకటన వచ్చింది. సికిల్ సెల్ జబ్బుకి మన దేశంలోనే జన్యు చికిత్స తయారైందని, దానికి ‘బిర్సా 101’ అని పేరు పెట్టామని కేంద్రమంత్రి చెప్పారు. దాన్ని తయారుచేసింది సీఎస్‌ఐఆర్ కింద ఉన్న ఐజీఐబీ, అంటే ప్రభుత్వ పరిశోధన సంస్థ. ముందుకు తీసుకెళ్లే పని మాత్రం సీరం ఇన్‌స్టిట్యూట్‌కి, అంటే ఒక ప్రైవేటు కంపెనీకి అప్పగించారు.

సంతోషించాల్సిన విషయమే. ఈ జబ్బుని మన దేశంలో మొదట గుర్తించింది 1952లో, నీలగిరి కొండల ఆదివాసుల్లో. ఏడు దశాబ్దాలు పట్టింది మన రక్తంలో ఉన్న ఈ నొప్పి దేశానికి పెద్ద విషయం కావడానికి. కానీ ఒక్క ప్రశ్న అడగకుండా చప్పట్లు కొట్టకూడదు. బిర్సా పేరు పెట్టారు సరే, ధర ఎవరు పెడతారు?

ఎందుకు అడుగుతున్నానంటే, 2023 డిసెంబర్‌లో అమెరికాలో ఇలాంటివే రెండు చికిత్సలకి ఒకే రోజు అనుమతి ఇచ్చారు. ఒకదాని ధర 22 లక్షల డాలర్లు, రెండోదాని ధర 31 లక్షల డాలర్లు. మన లెక్కలో సుమారు 18 కోట్లు, 25 కోట్లు. ఒక్క మనిషికి! ఒకే జబ్బుకి రెండు కంపెనీలు ఒకే రోజు పోటీకి దిగాయి. పుస్తకాల్లో చెప్పినట్టయితే ధర పడాలి కదా? పడలేదు.

“మందుల ధరల మీద ప్రభుత్వం చెయ్యి తీసెయ్యాలి, మార్కెట్‌ని వదిలేస్తే పోటీ పెరిగి ధరలు వాటంతటవే దిగుతాయి” అనే వాదన మన కాలేజీల్లోనూ వినిపిస్తోంది. చదువుకున్న మనోళ్లు కూడా కొంతమంది నమ్ముతున్నారు. నా అభిప్రాయం ఇదీ: పోటీ చెడ్డది కాదు. కానీ ఆ పోటీ ఎవరి ముందు జరుగుతోంది అన్నదే అసలు సంగతి. జబ్బుతో మూలుగుతున్న మనిషి ముందు జరిగితే ధర దిగదు. జనం తరఫున గట్టిగా నిలబడి కొనేవాడి ముందు జరిగితేనే దిగుతుంది.

సంతలో మనకి తెలిసిన పాఠం

మార్కెట్ గురించి ఆదివాసీకి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. చింతపండు కావిడి మోసుకుని సంతకి దిగితే ధర చెప్పేది షావుకారే. తూకం అతనిదే, లెక్కా అతనిదే. సాయంత్రానికి ఉప్పూ నూనే కొనుక్కుని కొండెక్కాలి కాబట్టి, సరుకు తిరిగి మోసుకెళ్లలేం కాబట్టి, ఇచ్చిందే తీసుకుంటాం. సంతలో పదిమంది షావుకార్లున్నా పదిమందీ ఒకటే ధర చెప్తారు. చూడ్డానికి పోటీయే, లోపల ఒప్పందం.

ఈ దోపిడీ ఆపడానికే 1956లో గిరిజన సహకార సంస్థ, మన జీసీసీ, పుట్టింది. అందులో లోపాలు లేవని కాదు. కొనుగోలు ఆలస్యాలు, చేతికి డబ్బు రాక తిరగడాలు మనకి తెలుసు. అయినా జీసీసీ మంచి ధర ప్రకటించి నిజంగా కొనుగోలుకి దిగితే షావుకారు కూడా ధర పెంచక తప్పదు. అప్పుడు జరిగేదే అసలు పోటీ. బలమైన చెయ్యి ఒకటి మన వైపు ఉంటేనే సంత మనకి పనికొస్తుంది.

మెడికల్ షాపు దగ్గర ఇదే సంత తిరగబడుతుంది. సంతలో మనం అమ్మేవాళ్లం, ఇక్కడ కొనేవాళ్లం. రెండు చోట్లా ధర చెప్పేది మాత్రం అవతలివాడే. చింతపండు ధర నచ్చకపోతే కనీసం ఇంకో వారం ఆగొచ్చు. సికిల్ సెల్ నొప్పితో మెలికలు తిరుగుతున్న పిల్లని పక్కన కూచోబెట్టుకుని బేరం ఆడలేం.

చీటీ రాసేది ఒకరు, డబ్బు కట్టేది ఇంకొకరు

బియ్యం కొంటే మనమే చూసి, రాలుకలు చూసి, వద్దనుకుంటే పక్క కొట్టుకి పోతాం. మందు అలా కాదు. ఏ మందో డాక్టరు నిర్ణయిస్తాడు, ఏ కంపెనీదో షాపువాడు నిర్ణయిస్తాడు, డబ్బు మనం కడతాం. కాబట్టి కంపెనీలు పోటీ పడేది మన కోసం కాదు. రాసేవాళ్ల కోసం, అమ్మేవాళ్ల కోసం.

ఉదాహరణకి ఒకే మందుని రెండు కంపెనీలు షాపుకి ఇస్తున్నాయనుకుందాం. మొదటిది స్ట్రిప్ 15 రూపాయలకి ఇచ్చి ఎమ్మార్పీ 60 వేసింది. రెండోది 15కే ఇచ్చి ఎమ్మార్పీ 90 వేసింది. షాపువాడు ఏది అమ్ముతాడు? ఎమ్మార్పీ ఎక్కువున్నదే, ఎందుకంటే మిగిలేది అందులోనే ఎక్కువ. ఇదీ మందుల పోటీ. పోటీ పెరిగేకొద్దీ అట్ట మీద ధర పెరుగుతుంది.

ఇది నా ఊహ కాదు. 2019లో కేంద్రం 42 రకాల క్యాన్సర్ మందుల మీద వ్యాపారుల లాభం 30 శాతం దాటకూడదని నియమం పెట్టింది. అంతే, కొన్ని బ్రాండ్ల ధర సగానికి పైగా పడిపోయింది. మందు మారలేదు, ఫ్యాక్టరీ మారలేదు. మరి అప్పటిదాకా ఆ డబ్బంతా ఎవరి జేబులోకి పోయింది? అన్ని కంపెనీలు పోటీలో ఉన్నా ఆ ధర అప్పటిదాకా ఎందుకు దిగలేదు?

ధరల నియంత్రణ ఉంది కదా అంటారు. ఉంది, కానీ ఎలా ఉందో చూడండి. 1979లో 347 మందుల మీద నియంత్రణ ఉండేది. 1987కి 142 అయ్యాయి. 1995కి 74కి దిగాయి. 2013లో అత్యవసర మందుల జాబితా మొత్తాన్ని మళ్లీ నియంత్రణలోకి తెచ్చారు గానీ లెక్క కట్టే పద్ధతి మార్చేశారు. అంతకుముందు తయారీకి ఎంత ఖర్చయింది అని చూసేవాళ్లు. ఇప్పుడు మార్కెట్‌లో ఒక శాతమైనా వాటా ఉన్న బ్రాండ్ల ధరలన్నీ కలిపి సగటు తీసి, దాని మీద షాపువాడికి 16 శాతం కలిపి, అదే గరిష్ఠ ధర అంటున్నారు. సంతలో షావుకార్లందరూ చెప్పిన ధరల సగటు తీసి ‘ఇదే న్యాయమైన ధర’ అన్నట్టుంది!

జాబితాలో లేని మందులకైతే ఏటా 10 శాతం పెంచుకునే వీలుంది. అలా పెంచుకుంటూ పోతే ఎనిమిదేళ్లలో ధర రెట్టింపు దాటుతుంది. జాబితాలో ఉన్నవాటికి టోకు ధరల సూచీ ప్రకారం 2022 ఏప్రిల్‌లో 10 శాతానికి పైగా, 2023 ఏప్రిల్‌లో 12 శాతానికి పైగా పెంపుకి అనుమతి దొరికింది. ఆ రెండేళ్లలో మన ఉపాధి కూలి ఎంత పెరిగిందో పేస్లిప్పులు తీసి చూసుకోండి.

పోటీ పనిచేసిన చోటూ ఉంది

అలాగని పోటీ ఎప్పుడూ పనిచెయ్యలేదా? చేసింది. కానీ దాన్ని పుట్టించింది స్వేచ్ఛా మార్కెట్ కాదు, చట్టం.

1970 పేటెంట్ చట్టం మందు మీద పేటెంట్ ఇవ్వనంది, తయారుచేసే పద్ధతి మీద మాత్రమే ఇచ్చింది. దాంతో వేరే పద్ధతిలో అదే మందు చేసే అవకాశం మన కంపెనీలకి వచ్చింది. దానికి ముందే హైదరాబాద్ బాలానగర్‌లో ప్రభుత్వ రంగ ఐడీపీఎల్ వచ్చింది. డాక్టర్ రెడ్డీస్ పెట్టిన అంజిరెడ్డి గారు అంతకుముందు పనిచేసింది అక్కడే. ఈ రోజు హైదరాబాద్‌ని ఫార్మా రాజధాని అని గొప్పగా చెప్పుకుంటున్నామంటే, దాని పునాదిలో జనం డబ్బు ఉంది, జనం కోసం రాసిన చట్టం ఉంది.

ఆ చట్టం బలంతోనే 2001లో సిప్లా, ఏడాదికి 10 వేల డాలర్లు దాటే హెచ్ఐవీ మందుల్ని 350 డాలర్లకి ఇస్తామని ముందుకొచ్చింది. డబ్ల్యూటీఓ ఒప్పందం వల్ల 2005లో మందు మీద పేటెంట్ తిరిగొచ్చింది. అయినా చట్టంలో మిగిలిన ఒక దారి పట్టుకుని, 2012లో హైదరాబాద్ కంపెనీ నాట్కోకి ప్రభుత్వం కంపల్సరీ లైసెన్స్ ఇచ్చింది. బేయర్ కంపెనీ నెలకి 2.8 లక్షలకి అమ్ముతున్న క్యాన్సర్ మందుని నాట్కో 8,800కి ఇచ్చింది. తర్వాత అలాంటి లైసెన్స్ ఇంకొకటి రాలేదు.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. పేటెంట్ అంటే ఇరవై ఏళ్లపాటు ఇంకెవరూ తయారుచెయ్యకూడదని ప్రభుత్వం ఇచ్చే రక్షణ. ధర తగ్గించమంటే ‘ప్రభుత్వం జోక్యం చేసుకోకూడదు’ అనే కంపెనీలే, పేటెంట్ కాపాడమని అదే ప్రభుత్వం గుమ్మం ఎక్కుతాయి. స్వేచ్ఛ వాళ్లకి కావాల్సినప్పుడు ఒకలా, మనకి కావాల్సినప్పుడు ఇంకోలా ఉంటుంది.

లాభం రాని రోగులు

పేటెంట్ లేకపోతే చాలా? అదీ కాదు. ఏజెన్సీలో మలేరియాకి ఇచ్చే మాత్రల్లో పైరిమెథమిన్ అనే మందు చాలాకాలం ఒక భాగంగా ఉంది. పాత మందు, చౌక మందు, పేటెంట్ ఎప్పుడో పోయింది. అదే మందుని అమెరికాలో డారాప్రిమ్ పేరుతో వేరే జబ్బుకి వాడతారు. 2015లో దాని హక్కులు కొన్న కంపెనీ మాత్ర ధరని 13.50 డాలర్ల నుంచి 750 డాలర్లకి పెంచేసింది. పోటీకి ఇంకో కంపెనీ సిద్ధంగా లేదు, ఎందుకంటే వాడేవాళ్లు తక్కువ, మార్కెట్ చిన్నది.

ఈ సంగతి మనకి బాగా గుర్తుండాలి. మనం చిన్న మార్కెట్. కొండ మీద చెదిరిన గూడేలు, చేతిలో డబ్బు లేని రోగులు. కంపెనీలు మన కోసం ఎగబడి పోటీ పడతాయనుకోవడం అత్యాశ.

వాళ్ల వాదనలో ఉన్న నిజం

అవతలివాళ్లు చెప్పేదాంట్లో ఒక నిజం ఉంది, దాన్ని దాటేయకూడదు. ధర మరీ తొక్కిపెడితే కంపెనీలు ఆ మందు చెయ్యడం మానేస్తాయి. 2024 అక్టోబర్‌లో బెంజైల్ పెన్సిలిన్ ఇంజెక్షన్, టీబీకి వాడే స్ట్రెప్టోమైసిన్, ఆయాసానికి వాడే సాల్బుటమాల్ లాంటి ఎనిమిది పాత మందుల గరిష్ఠ ధరలు ఒకేసారి 50 శాతం పెంచారు. మాటిమాటికీ రక్తం ఎక్కించుకునేవాళ్ల ఒంట్లో పేరుకున్న ఇనుముని తీసే డెస్‌ఫెరియోక్సమిన్ కూడా అందులో ఉంది. గిట్టుబాటు కాక తయారీ ఆపేస్తామని కంపెనీలు చెప్పాయి కాబట్టి పెంచామన్నారు.

నిజమే అనుకుందాం. అప్పుడు తేలేదేంటి? లాభం లేనిచోట మార్కెట్ నిలబడదనే కదా! మరి అలాంటి మందులు చెయ్యడానికే కదా పింప్రిలో హిందుస్తాన్ యాంటీబయోటిక్స్, బాలానగర్‌లో ఐడీపీఎల్ పెట్టింది? వాటిని పడుకోబెట్టి, ఇప్పుడు కంపెనీ అడిగిన ధర ఇవ్వడం తప్ప దారి లేదంటే ఎలా ఒప్పుకుంటాం?

మనం ఏం అడగాలి

హైడ్రాక్సీయూరియా ఖరీదైన మందు కాదు. కానీ అది రోజూ వేసుకోవాలి, ఏళ్ల తరబడి వేసుకోవాలి, మధ్యమధ్యలో రక్తపరీక్ష చేయించుకోవాలి. పీహెచ్‌సీలో ‘స్టాక్ లేదు, బయట తెచ్చుకో’ అని చీటీ రాసిచ్చిన రోజే ఆ చౌక మందు ఖరీదైపోతుంది. ఆటో చార్జీ, పోయిన కూలి, షాపులో ఎమ్మార్పీ, అన్నీ కలిపితే అదీ మన అసలు ధర. 2047 నాటికి సికిల్ సెల్‌ని నిర్మూలిస్తామని 2023 జూలైలో మిషన్ ప్రారంభించారు. పరీక్ష చేసి చేతిలో కార్డు పెట్టడం సగం పనే. మందు పెట్టాలి.

అందుకే మన డిమాండ్లు ఇవి:

1. బిర్సా 101 ప్రభుత్వ సంస్థలో పుట్టింది. కంపెనీతో చేసుకున్న ఒప్పందంలో ధర గురించి ఏం రాశారో బయటపెట్టాలి. చికిత్స అందుబాటులోకి వచ్చిన రోజు ప్రభుత్వమే కొని, అవసరమైన ఆదివాసీకి ఉచితంగా ఇవ్వాలి.

2. గరిష్ఠ ధరని తయారీ ఖర్చు ఆధారంగా లెక్కకట్టాలి. క్యాన్సర్ మందులకి పెట్టిన లాభాల పరిమితి అన్ని మందులకీ పెట్టాలి.

3. తమిళనాడు 1995 నుంచి చేస్తున్నట్టు, రాష్ట్రం మొత్తానికి మందులు ఒకేచోట టెండర్‌తో కొని పీహెచ్‌సీ దాకా ఆగకుండా పంపాలి. మన రెండు రాష్ట్రాల్లోనూ దీనికి కార్పొరేషన్లు ఉన్నాయి. ఏజెన్సీ పీహెచ్‌సీలకి వానాకాలం దారులు తెగేలోపే స్టాక్ చేరాలి. కంపెనీలు పోటీ పడాల్సింది ఇక్కడ, ఈ టెండర్‌లో.

4. లాభం లేదని కంపెనీలు వదిలేసే మందుల కోసం ప్రభుత్వ ఫ్యాక్టరీలు మళ్లీ నడపాలి.

ఇవి ఢిల్లీలోనూ రాజధానిలోనూ తేలాల్సినవి. అప్పటిదాకా మనం చేతులు కట్టుకుని కూచోనక్కర్లేదు. 1996 పీసా చట్టం, సామాజిక రంగ సంస్థల మీదా వాటి సిబ్బంది మీదా గ్రామసభకీ పంచాయతీకీ అధికారం ఉండాలంటోంది. పీహెచ్‌సీ కూడా అందులోకే వస్తుంది. వచ్చే గ్రామసభలో మందుల స్టాక్ రిజిస్టర్ చదివి వినిపించమని అడగండి. ‘బయట తెచ్చుకో’ అని రాసిన ప్రతి చీటీని ఫోటో తీసి, తేదీ వేసి దాచండి. మూడు నెలల చీటీలు ఒకచోట పెడితే ఐటీడీఏ పీఓ ముందు పెట్టడానికి అంతకన్నా బలమైన సాక్ష్యం ఉండదు. డిగ్రీ చదివిన మనం ఆర్టీఐ దరఖాస్తు రాయలేమా? మన అమ్మానాన్నలు సంతలో మోసపోయింది తూకం చదవడం రాక. మనకి చదవడం వచ్చు. ఇప్పుడు మందుల లెక్క మనమే చదవాలి, గట్టిగా, గ్రామసభ మధ్యలో నిలబడి.

జోహార్ బిర్సా! జై ఆదివాసీ!