కాఫీ తొక్క పిండి: సరుకు పట్టే ముందు

విశాఖ మన్యంలో కాఫీ పండ్ల కోతలు నవంబరులో మొదలై ఫిబ్రవరి దాకా సాగుతాయి. జహీరాబాద్ బజారుకు ఆ సరుకుతో ఇంతవరకు పనిలేదు. మనది కంది, శనగ, అల్లం, చెరుకు. అయితే పీచు ఎక్కువగా ఉన్న పిండికి గిరాకీ పెరుగుతున్న ఈ రోజుల్లో, పారవేసే కాఫీ తొక్కను ఎండబెట్టి, పిండిచేసి బిస్కెట్లలోనూ రొట్టెల్లోనూ కలపవచ్చునన్న మాట మన వర్తకుల చెవిన పడక మానదు.

మాట అబద్ధం కాదు. మైసూరులోని కేంద్ర ఆహార పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు కాఫీ వ్యర్థాల వినియోగంపై ఏళ్ల తరబడి పనిచేశారు. అమెరికాలో ఈ పిండి అమ్మకానికి వచ్చింది. ఐరోపా యూనియన్ 2022 జనవరిలో ఎండు తొక్కను పానీయాలలో వాడటానికి అనుమతి ఇచ్చింది. వినడానికి బాగానే ఉంది. తూకం దగ్గరికి వద్దాం.

100 కిలోల పండ్లకు తడి తొక్క 40 కిలోల దాకా వస్తుంది. అందులో ముప్పాతిక వంతుకు పైగా నీరే. ఎండితే మిగిలేది 8 నుంచి 10 కిలోలు. తీపి ఉన్న సరుకు కనుక మర నుంచి పడిన రోజే పులవడం మొదలవుతుంది, వెంటనే బూజు. బూజు పట్టిన తొక్కలో ఆక్రటాక్సిన్ అనే విషం పుట్టే ప్రమాదం ఉంది. తర్వాత ఎంత మెత్తగా విసిరినా అది తినే సరుకు కాదు. కాబట్టి ఎండబెట్టే పని అరకు, పాడేరు కొండల మీద, మర పక్కనే జరగాలి.

ఇంకో చిక్కు. గిరిజన సహకార సంస్థ రైతుల దగ్గర పార్చిమెంటు కాఫీ, ఎండు చెర్రీ రెండూ కొంటుంది. పార్చిమెంటు చేసేచోట తడి తొక్క వస్తుంది. చెర్రీ పొట్టు క్యూరింగ్ మిల్లులో, ఎండిపోయి, గట్టి పెంకుతో కలిసి వస్తుంది. రెండింటినీ ఒకే పేరుతో అమ్మితే కొన్నవాడే మునుగుతాడు.

అసలు అభ్యంతరం ధర దగ్గర ఉంది. మన కందిపొట్టును ఒక ఖరీదుదారుడు కాదంటే దాణా వర్తకుడున్నాడు. ధర తగ్గుతుందే గాని సరుకు చేతిలో మిగలదు. ఇన్‌స్టంట్ కాఫీ ఫ్యాక్టరీల పిప్పికైనా బాయిలరు ఉంది. కాఫీ తొక్కకు ఆ ఆసరా లేదు. ఎండు తొక్కలో కెఫీన్ సుమారు 1 శాతం, దానికి తోడు టానిన్లు. దాణాలో ఎక్కువ కలిపితే పశువులు మేత తగ్గిస్తాయి. ఇక మిగిలేది ఎరువు గుంట. 700 కిలోమీటర్లు దాటి వచ్చిన లోడు నాణ్యం చాలక తిరస్కారానికి గురైతే, దానికి ఇక్కడ పలికే ధర సున్నా. లారీ కిరాయి అదనపు నష్టం.

అందుచేత సొంత పెట్టుబడితో నిల్వ పెట్టే సరుకు కాదిది. బిస్కెట్ కంపెనీ రాతపూర్వకంగా కొంటానంటే దలాలి మీద నడపవచ్చు. లాటు లాటుకు తేమ, కెఫీన్, బూజు విషం చూపే పరీక్ష చీటీ ఉండాలి. వాడుకలో లేని ఆహార దినుసులకు ముందుగా అనుమతి కావాలని ఆహార భద్రతా సంస్థ 2017 నిబంధనలు చెబుతున్నాయి. ఆ అనుమతి ఉందా, ఎవరి పేర ఉంది అని అడగండి. నమూనా మూట ఎంత ఘుమఘుమలాడినా సరే.

పీచు మీద అంత మోజుంటే మన మిల్లుల్లోనే చూడవచ్చు. కందిగింజ బరువులో 12 నుంచి 15 పాళ్లు పొట్టే, అందులో అధిక భాగం పీచే. ఇప్పటిదాకా దాన్ని దాణా సరుకుగానే చూశాం. నూనె పట్టించిన పొట్టు, మట్టి అంటిన పొట్టు, నూక, చెత్త అన్నీ ఒకే బస్తాలో పడుతున్నాయి. పాత పద్ధతిలో ఎర్రమట్టి పట్టించిన కంది పొట్టు పశువులకు చెల్లుతుంది, బిస్కెట్లకు చెల్లదు. కొత్త కందుల రాబడి ఊపందుకునే లోపు, ఒకరిద్దరు మిల్లుదారులు శుభ్రం చేసిన గింజ పొట్టును వేరుగా పట్టి, పది బస్తాలు కట్టించి, నమూనాను ప్రయోగశాలకు పంపవచ్చు. అయ్యే ఖర్చు మన్యం నుంచి ఒక లోడు తెప్పించే కిరాయిలో కొద్ది భాగమే. ఆ చీటీ చూపి అడిగితే దాణా ధర మీద ఎంత పలుకుతుందో ఈ సీజనులోనే తెలుస్తుంది.