పగజంతువు పంచన చేరిన వేళ

హిమయుగపు ఐరోపాలో మానవుడు ఒంటరి వేటగాడు కాడు. గుహాసింహాలు, తరసులు, తోడేళ్ళు కూడా అదే వేట కోసం అతనితో పోటీపడేవి. ఫ్రాన్సులోని షోవే గుహ గోడలపై 30 వేల సంవత్సరాలకు పూర్వమే చిత్రించిన సింహాలను చూస్తే, నాటి మనుషులు ఆ మృగాలను ఎంత నిశితంగా గమనించేవారో అర్థమవుతుంది. ఆ గమనింపుపైనే వారి ప్రాణాలు ఆధారపడి ఉండేవి.

అయితే ఆ ప్రత్యర్థులలో ఒకటైన తోడేలు క్రమంగా మనిషి పంచన చేరింది. దాని సంతతే నేటి కుక్క.

1914లో జర్మనీలోని బాన్ నగరం చేరువలో, ఒబర్కాసెల్ వద్ద రాతి గనిలో పనిచేస్తున్న కూలీలకు ఒక సమాధి కనిపించింది. అది సుమారు 14 వేల ఏళ్ళ నాటిది. అందులో ఒక పురుషుని, ఒక స్త్రీ అస్థికలతో పాటు ఒక కుక్కపిల్ల ఎముకలు కూడా ఉన్నాయి. దాని దంతాలపై మిగిలిన గుర్తులను పరిశీలించిన శాస్త్రజ్ఞులు 2018లో ఒక విషయం వెల్లడించారు. దాదాపు ఏడు నెలల వయసులో మరణించిన ఆ పిల్లకు అంతకు ముందే డిస్టెంపర్ అనే ప్రాణాంతక వ్యాధి సోకి ఉంటుంది. ఎవరో దగ్గరుండి నీరు పట్టి, శుభ్రపరచి, వెచ్చగా ఉంచకపోతే అది అన్ని వారాలు బతికేది కాదు. రోగంతో పడి ఉన్న పిల్ల వేటకూ పనికిరాదు, కాపలాకూ పనికిరాదు. అయినా వారు దాన్ని విడిచిపెట్టలేదు.

జంతువులను మచ్చిక చేసే ఈ విద్య కూడా అల్లాహ్ ప్రసాదించినదేనని విశ్వాసికి తెలుసు. శిక్షణ పొందిన వేటజంతువులు పట్టి తెచ్చిన దానిని దివ్యఖుర్ఆన్ (5:4) ధర్మసమ్మతం చేసింది. ఆ శిక్షణా జ్ఞానం దేవుడిచ్చినదేనని అక్కడే గుర్తుచేసింది. గుహవాసుల గాథలో (18:18) గుమ్మం వద్ద ముంగాళ్ళు చాచి పడుకున్న కుక్కకూ చోటు దక్కింది. దప్పికతో అల్లాడుతున్న కుక్క కోసం బావిలోకి దిగి, తన తోలు మేజోడులో నీరు తెచ్చి తాగించిన మనిషిని అల్లాహ్ క్షమించాడని దైవప్రవక్త (స) తెలియజేశారు.

కుక్క లాలాజలం విషయంలో మనకు శుచీ శుభ్రతల నియమాలు ఉన్నాయి. వాటిని పాటించవలసిందే. కాని ఆ నియమాలు రాయి విసరడానికి అనుమతి పత్రాలు కావు. వేసవి మధ్యాహ్నం మన వాకిట నాలుక చాచి నిలబడిన వీధికుక్కను పిల్లలు తరుముతుంటే, వారి చేతిలోని రాయి తీసుకుని, నీళ్ళ గిన్నె అందించండి. దాన్ని కాస్త దూరంగా పెట్టి రమ్మనండి. దయ అంటే ఏమిటో ఆ పసివారికి ఇక వేరే పాఠం చెప్పనవసరం లేదు.